నూకాలమ్మ వదిన ఏడాది పాసు

విశాఖపట్నం వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి మా పోస్టాఫీసులో అందరూ సముద్రం గురించే అడుగుతున్నారు. నంద్యాలలో పుట్టి పెరిగినవాళ్ళకి అన్ని నీళ్ళు ఒక్కచోట ఉంటాయంటే నమ్మకం కుదరదు మరి. సముద్రం బాగానే ఉంది. నా చెప్పు ఒకటి పట్టుకుపోయింది, దాని పని అది చేసుకుంది. కానీ ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నేను ఆలోచించింది సముద్రం గురించి కాదు, మల్కాపురం పక్కన ఒక పిల్లల పార్కులో అమ్మే ఏడాది పాసు గురించి. అది కొనడం దండగా కాదా అని మొగుడూ పెళ్ళాల మధ్య తగువొస్తే నన్ను తీర్పరిగా కూర్చోబెట్టారు. రాసుకోమని వాళ్ళిద్దరూ అన్నాకే ఇది రాస్తున్నాను.

వాల్తేరు స్టేషను

ఊరి పేరు విశాఖపట్నం, స్టేషను బోర్డు మీద వాల్తేరు. దిగాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే ఎదురు సీటు పెద్దాయన, "దిగండమ్మా, ఇదే. బండి ఇక్కడ్నించి ఎనక్కెల్తాది. దిగకపోతే మీరూ ఎనక్కే" అన్నాడు. నిజంగానే అక్కడ ఇంజను విప్పి రెండో వైపు తగిలిస్తారు. ముందుకు పోవాలంటే వెనక్కి తిరగాల్సిన ఊరు నేను అంతకుముందు చూడలేదు.

ప్లాట్‌ఫారం మీద నూకాలమ్మ వదిన, ఆవిడ భర్త పైడయ్య అన్నయ్య నిలబడి ఉన్నారు. చుట్టాలనుకునేరు, కాదు. ఆరేళ్ళ కిందట తిరుమల క్యూ షెడ్డులో రాత్రంతా పక్కపక్కన కూర్చున్నాం. ఆవిడ మరమరాల మూట విప్పింది, నేను నిమ్మకాయ పులిహోర విప్పాను. తెల్లారేసరికి వదినా అంటే వదినా అనుకున్నాం. క్యూలో కలిసిన స్నేహాలు లడ్డూతో పాటే అయిపోతాయంటారు. మాది అవలేదు.

"ఓలమ్మా, సిక్కిపోనావేటి వదినా," అంటూ ఆవిడ నా సంచి లాక్కుంది. పైడయ్య అన్నయ్య నవ్వి ఊరుకున్నాడు. ఆయన పోర్టు వర్క్‌షాపులో కలాసీ. అంతకుముందు వాళ్ళు మల్కాపురం అవతల సొంత పొలం చేసుకునేవాళ్ళు. ఒక కంపెనీ కోసం ఆ చుట్టుపక్కల భూములన్నీ తీసుకున్నప్పుడు వాళ్ళదీ పోయింది, బదులు ఈ ఉద్యోగం వచ్చింది. ఆయన మాట తక్కువ మనిషి. మాట్లాడితే చేతిలో పని చెడుతుందన్నట్టు ఉంటాడు.

మల్కాపురం

బస్సు కంచరపాలెం దాటి, రైలు పట్టాలన్నీ దాటి మల్కాపురం చేరేసరికి గాల్లో వాసన మారింది. కిరసనాయిలు డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టినట్టుంది. చమురు శుద్ధి చేసే చోటు పక్కనే కదా. "రొండ్రోజులుంటే నీకూ తెలవదు," అంది వదిన. నాకు వెళ్ళే రోజు దాకా తెలుస్తూనే ఉంది.

ఒకే గది, ముందు చిన్న వసారా. తిండి మాత్రం రాజులది. పొద్దున చోడి అంబలి. మేము రాగులంటాం, వాళ్ళు చోళ్ళంటారు. మా సీమలో సంకటి ముద్ద కట్టి తింటాం, వాళ్ళు పలచగా కాచి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగుతారు. మధ్యాహ్నం నెత్తళ్ళు, అంటే వేలెడు పొడవు చేపలు, తలా తోకా ఉండగానే వేయించి పెట్టింది. తింటుంటే అన్నీ నా వైపే చూస్తున్నట్టనిపించి మొదటి ముద్ద మింగుడు పడలేదు. రెండో ముద్దకి నేనూ వాటి వైపు చూడటం మానేశాను.

పక్క వాటా వాళ్ళ అమ్మాయి లక్ష్మి, ఆరేళ్ళుంటాయేమో, తన ఇంట్లోకన్నా ఈ ఇంట్లోనే ఎక్కువ ఉంటుంది. ఆ పిల్ల చేపలు తింటూ, "ఆదివారం పార్కుకెల్దాం గదా అత్తా," అంది. దాంతో మొదలైంది.

"ఈ ఆదివారం పాసు తీసేద్దామా?" అంది వదిన, భర్త వైపు చూడకుండా.

"వొద్దన్నాను గదా," అన్నాడు పైడయ్య అన్నయ్య, ఆయనా ఆవిడ వైపు చూడకుండా.

వదిన నాకు మొత్తం చెప్పింది. కంపెనీ వాళ్ళు తమ కాలనీ పక్కన రెండేళ్ళ కిందట పిల్లల పార్కు కట్టారు. ఉయ్యాలలు, గిరగిరా తిరిగే గుర్రాలు, ఒక చిన్న రైలు ఉన్నాయి. పెద్దలకు రూపాయి, పిల్లలకు అర్ధ. ఇంటిల్లిపాదికీ కలిపి ఏడాది పాసు పాతిక రూపాయలు. గేటు మీద ఒక బోర్డుందట, పిల్లలు వెంటలేని పెద్దలకు ప్రవేశం లేదని. పోకిరీలు రాకుండా పెట్టిన బోర్డే. కానీ వదినకి పిల్లలు లేరు. అందుకని ప్రతి ఆదివారం లక్ష్మిని వెంటబెట్టుకుని వెళ్తోంది. ఇప్పుడు లక్ష్మి వాళ్ళ నాన్నకి బదిలీ అయింది, వచ్చే వారం పారాదీప్ వెళ్ళిపోతున్నారు.

"ఈ గుంట ఎల్లిపోతే నన్ను గేటుకాడే ఆపేత్తారు వదినా. పాసుంటే అందులో పేరున్నోళ్ళు ఎవులైనా ఎల్లొచ్చట. నువ్వు సెప్పు. దండగా?"

నేను పాతికేళ్ళుగా కౌంటరు వెనక కూర్చునే మనిషిని. మనియార్డరు కూపన్లో చోటు మిగిలినా వృథా అనిపించే బుద్ధి నాది. నలభై దాటిన ఆవిడకి గుర్రపు బొమ్మలతో ఏం పని? పక్కనే సముద్రం, దానికి టిక్కెట్టూ లేదు, బోర్డూ లేదు. "నన్నడిగితే దండగే వదినా," అన్నాను.

పైడయ్య అన్నయ్య ఊపిరి వదిలినట్టు వినిపించింది. వదిన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది, అంతే. ఆగిన ఆ చెయ్యి చూశాక నాకు తినబుద్ధి కాలేదు.

పాత ఊరు

మర్నాడు గురువారం. సముద్రం చూపిస్తానని తీసుకెళ్ళింది వదిన. అక్కడే అల నా ఎడమ చెప్పు పట్టుకుపోయింది. కుడి చెప్పు చేత్తో పట్టుకుని, కాలే రోడ్డు మీద గెంతుకుంటూ పాత ఊరికి వెళ్ళాం. మరమరాలు కలిపి మురీ మిక్చర్ అమ్మే మనిషి నన్ను చూసి, "ఆ రొండోదీ ఇచ్చీండమ్మా, జత దొరికినోడికి పనికొత్తాది" అని వేళాకోళం చేశాడు.

పాత ఊళ్ళో సందులు మన నంద్యాల బజారు కన్నా ఇరుకు. మస్తాన్ సాహెబు చెప్పుల కొట్టు అందులో ఒకటి. తెల్ల గడ్డం, చెవి వెనక అత్తరు దూది. మేము వెళ్ళేసరికి కొట్టు కట్టేస్తున్నాడు. నా పాదం చూసి మళ్ళీ తలుపు చెక్క తీశాడు. పన్నెండు రూపాయలన్నాడు, నేను ఎనిమిదన్నాను. మా ఊళ్ళో అయితే ఇంకో గంట నడిచేది బేరం. ఆయన, "తొమ్మిదివ్వండమ్మా, నాకు టైం లేదు. ఇవాళ జుమ్మేరాత్. అమ్మీ దగ్గరికి పోవాల," అన్నాడు.

అమ్మ ఊళ్ళోనే వేరే ఉందా అని అడిగాను.

"కొండ దగ్గర ఉంది. పోయి పదేళ్ళయింది. ప్రతి గురువారం మల్లెపూలు పట్టుకెల్తాను."

నూకాలమ్మ వదిన అంతసేపూ గుమ్మం బయట నిలబడి ఉంది. లోపలికి ఒక అడుగు వేసి, "రాయుందా బాబూ?" అని అడిగింది.

"పత్తర్ ఉందమ్మా. పేరు కూడా చెక్కించినాం. లేకపోతే ఎక్కడ కూచొని మాట్లాడేది?" అన్నాడాయన, అదేదో అందరికీ తెలిసిన సంగతన్నట్టు. పూల పొట్లం తీసుకుని, కొట్టుకు తాళం వేసి వెళ్ళిపోయాడు. వదిన ఆయన వెళ్ళిన వైపే చూస్తూ నిలబడింది.

నావలో

తిరిగి వచ్చేటప్పుడు రేవు దగ్గర నావ ఎక్కి అవతలి ఒడ్డుకు చేరతారు. చిన్న దూరమే. ఒక పక్క ఓడలు, ఇంకో పక్క కొండ. నావలో కూర్చున్నాక వదిన నీళ్ళకేసి చూస్తూ మాట్లాడింది.

"వాళ్ళకి రాయుంది వదినా."

చూపు కొండ వైపు తిప్పింది.

"పదకొండేళ్ళ కిందట మాకు ఒక బిడ్డ పుట్టినాడు. మగపిల్లోడు. పురుడు సేసే రోజు దాకా ఉండనేదు. తొమ్మిదో రోజున పోనాడు."

తొమ్మిదో రోజున పోయిన బిడ్డకి పేరు ఉండదు. మా వైపూ అంతే, వాళ్ళ వైపూ అంతే. పురుడు చేశాకే పేరు. పేరులేని బిడ్డని కాల్చరు, సొంత పొలం గట్టున పూడ్చిపెడతారు. అక్కడి దాకా రెండు ప్రాంతాలకీ తేడా లేదు. కానీ మా ఊళ్ళో ఆ చోటు తల్లి దగ్గర దాచరు. వాళ్ళ ఊళ్ళో తల్లికి చెప్పరట. తల్లి ఆ మన్ను తొక్కితే మళ్ళీ కడుపు నిలవదని నమ్మకం. పైడయ్య అన్నయ్య ఒక్కడే చేతుల మీద తీసుకెళ్ళి, ఒక్కడే తిరిగొచ్చాడు.

"మా అత్త ఎవులితోనో తాటిసెట్టు కింద అనడం నా సెవినడింది. అంతే తెలుసు. మళ్ళీ ఏడాదికి పొలాలు పోనాయి. కడుపూ నిలవనేదు, తొక్కకపోయినా. పార్కు తెరిసినప్పుడు ఎల్లి సూస్తే ఆ తాటిసెట్టు లోపల్నే ఉంది వదినా. కొట్టకుండా దాని సుట్టూ గట్టు కట్టినారు. ఆ గట్టు మీద కూకుంటాను. లచ్చిమి ఉయ్యాలూగుతాది. పాసు దండగన్నావు గదా, నిజమే. నాను ఏటీ ఎక్కను, ఏటీ తిరగను."

ఒడ్డు వచ్చింది, అందరూ దిగారు, మేమిద్దరం చివర దిగాం. అనక ముందే అడగాల్సిందేదో అనేశాక తెలిస్తే ఎంత బరువుగా ఉంటుందో ఆ సాయంత్రం తెలిసింది.

ఇంటికి వచ్చాక పైడయ్య అన్నయ్య వసారాలో ఒంటరిగా ఉన్నప్పుడు, "అన్నయ్యా, నేనన్న మాట కొట్టెయ్యండి. ఆ పాసు కొనండి. కావాలంటే నేను కొంటాను," అన్నాను.

"డబ్బుకి కాదు సెల్లెమ్మా," అన్నాడు. చాలాసేపు బీడీ ముట్టించకుండానే వేళ్ళ మధ్య తిప్పాడు. చివరికి, "ఆదివారం నానూ వొత్తాను," అన్నాడు. రెండేళ్ళలో ఆయన ఆ గేటు దాటడం అదే మొదటిసారట.

ఆదివారం

పార్కుకి వెళ్ళే రోడ్డు భయంకరంగా ఉంది. ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడికి ఇనుము మోసే లారీలు, ఆయిలు ట్యాంకర్లు, ఒకదాని వెనక ఒకటి. పక్కన నడవడానికి జానెడు చోటు లేదు. ఒక లారీ గాలికి నా పైట మొహాన పడి ఏమీ కనపడలేదు, వదిన జబ్బ పట్టి లాగింది. ఆ రోడ్డు మీద పైడయ్య అన్నయ్య ఒకచోట ఆగాడు. కాలికి చెప్పు సర్దుకుంటున్నాడనుకున్నాను. లారీ వాడు హారను కొడితే కదిలాడు.

లోపల పిల్లల గోల. చిన్న రైలు కూత వేసుకుంటూ తిరుగుతోంది. లక్ష్మి ఉయ్యాలల వైపు పరిగెత్తింది. వదిన ఎటూ చూడకుండా తిన్నగా తాటిచెట్టు దగ్గరికి వెళ్ళి, సిమెంటు గట్టు మీద కొంగుతో దుమ్ము తుడిచి కూర్చుంది. ఒక చెయ్యి చెట్టు మొదట్లో ఆనించింది. రోజూ కూర్చునే చోట కూర్చున్న మనిషి మొహంలో ఉండే నెమ్మది ఆవిడ మొహంలో ఉంది. నేను పక్కన కూర్చున్నాను. పైడయ్య అన్నయ్య కూర్చోలేదు. వెనక ప్రహరీ గోడ దాకా వెళ్ళాడు, తిరిగి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"ఈ సెట్టు కాదే," అన్నాడు.

వదిన తలెత్తింది.

"రొండు తాటిసెట్లుండేవి మన గట్టున. నీకు గేపకముందా? రొండోది రోడ్డేసినప్పుడు కొట్టేసినారు. దాని మొదట్లో ఎట్టినాను. గోడవతల. ఇప్పుడు రోడ్డు కిందన."

చిన్న రైలు మా ముందు నుంచి వెళ్ళింది. అందులోని పిల్లలు మాకు చేతులూపారు. చెట్టు మీద ఆనించిన వదిన చెయ్యి నెమ్మదిగా ఒళ్ళోకి వచ్చింది. నేను ఆవిడ భుజం పట్టుకోబోయి ఆగాను. ఆ నిమిషంలో ఎవరు ముట్టుకున్నా తప్పే అనిపించింది.

"మరెందుకు సెప్పనేదు?"

"నువ్వు ఇక్కడ కూకుని ఇంటికొచ్చినప్పుడు నీ మొకం బాగుంటంది. అది నానెలగ తీసేత్తాను? అలగని పాసు కొనిచ్చి, తప్పుసోట ఏడాదంతా కూకోబెట్టడానికీ మనసొప్పనేదు. అందుకే వొద్దొద్దంటన్నాను."

పాతిక రూపాయలకి వెనకాడే మనిషనుకున్నాను ఆయన్ని. నాలుగు రోజులు ఆ ఇంటి అన్నం తింటూ, డబ్బుకి కాదని ఆయన చెప్పాక కూడా, అదే అనుకున్నాను.

వదిన లేచింది. "ఎటేపు?" అంది. ఆయన చెయ్యి చాపి చూపించాడు. ఆవిడ ఆ గోడ దగ్గరికి నడిచింది. అక్కడ బెంచీ లేదు, కాగితం పూల తీగ మాత్రం ఉంది. కింద, గోడకి ఎదురుగా చతికిలబడింది. అవతల లారీ ఒకటి వెళ్ళింది, గోడ సన్నగా అదిరింది. ఆవిడ అరచెయ్యి తీసి గోడకి ఆనించింది. ఇంకో లారీ వెళ్ళింది. అప్పుడు ఏడ్చింది. పదకొండేళ్ళు ఎక్కడ ఏడవాలో తెలియని ఏడుపు అది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

లక్ష్మి పరిగెత్తుకొచ్చి, "గోడకేసి కూకున్నావేటత్తా?" అని అడిగింది.

"ఇక్కడ నీడగుంది తల్లీ, నువ్వెల్లి ఆడుకో," అంది వదిన, కొంగుతో మొహం తుడుచుకుని.

పైడయ్య అన్నయ్య ఆవిడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "అటేపు నిలబడ్డానికి సోటు నేదు. సూసినావు గదా లారీలు. కూకోవాలంటే ఇటేపే," అన్నాడు. కాసేపయ్యాక లేచి, చొక్కా జేబు తడుముకుని, "రా, ఆ పాసు తీసేద్దాం," అన్నాడు.

టిక్కెట్ల కిటికీ

కిటికీ వెనక కుర్రవాడు తల ఎత్తలేదు. నేను తప్పు పట్టను. మా వృత్తిలో తల ఎత్తితే పని సాగదు. అట్టముక్క లాంటి పాసు ఒకటి తీసి, కలం విదిలించి, "పేర్లు," అన్నాడు.

"పైడయ్య. నూకాలమ్మ."

రాసుకున్నాడు. "పిల్లలు?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"పిల్లల పేరు లేందే పాసివ్వమండి. ఇది పిల్లల పార్కు."

ఈ సంగతి మాకెవరికీ తట్టలేదు. వెనక వరసలో వాళ్ళు గొణుగుతున్నారు. కౌంటరు మర్మాలు తెలిసినదాన్ని కదా, లక్ష్మి పేరు చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆ పిల్ల వచ్చే వారం ఉండదు, కానీ రాసిన పేరు ఉంటుంది. ఈలోపే పైడయ్య అన్నయ్య కిటికీ మీదికి వంగాడు.

"ఒక్కడు. సిమ్మాద్రి," అన్నాడు.

ఆలోచించుకుని చెప్పిన పేరు కాదు అది. మన పిల్లల పేరు ఎవరైనా అడిగితే మనం ఎలా చెబుతామో అలా చెప్పాడు.

"వయసు?"

"పదకొండు నిండినాయి."

కుర్రవాడు రాసి, ముద్ర కొట్టి, పాసు బయటికి తోశాడు. వరసలో నుంచి పక్కకి జరిగాం. వదిన భర్తకేసి ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది.

"ఆ పేరెప్పుడెట్టినావు?"

"మన్ను కప్పేటప్పుడు," అన్నాడు. "ఎట్టకూడదని తెలుసు. పేరెట్టి పిలవకుండా ఆడ్ని అక్కడ ఒగ్గీసి ఎలగ వొత్తాను?"

ఆవిడ పాసు ఆయన చేతిలో నుంచి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. వదినకి చదువు రాదు, పైడయ్య అన్నయ్యకీ అంతంతమాత్రమే. నా చేతిలో పెట్టి, "సదువు వదినా," అంది.

పైడయ్య, నూకాలమ్మ, సింహాద్రి అని మూడు పేర్లూ చదివాను.

"మళ్ళీ సదువు," అంది. "ఆకర్ది ఒక్కటే."

చదివాను.